జాన్ మ్యూర్

జాన్ మ్యూర్ (ఏప్రిల్ 21, 1838 - డిసెంబరు 24, 1914) స్కాట్లాండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు, పాదచారి, రచయిత మరియు అరణ్య పరిరక్షణోద్యమ నాయకుడు. యోసెమిటీ జాతీయ ఉద్యానవన స్థాపనకు కృషి చేసినవారిలో ముఖ్యుడు. సియెర్రా క్లబ్ అను సంస్థ స్థాపకులలో ఒకడై, దానికి తొలి అధ్యక్షుడుగా మరణ పర్యంతము కొనసాగాడు. హిమానీనదాలను గురించిన ఈయన పరిశోధనలు, అలాస్కా యాత్రలు సుప్రసిద్ధములు. కాని ఈయన జీవితాన్ని మలుపు త్రిప్పినది మాత్రము 1868 వసంతకాలంలో కాలిఫోర్నియాలోని కొండల నడుమ, అడవిపూల మధ్య చేసిన ఒక కాలినడక ప్రయాణము.

బాల్యము

మ్యూర్ స్కాట్లాండు తూర్పు తీరములోని డన్‌బార్ పట్టణంలో జన్మించాడు. తల్లి ఆన్, తండ్రి డేనియల్. ఎనిమిదిమంది సంతానంలో ఈయన మూడవవాడు. 1849లో కుటుంబము అమెరికాకు వలసవెళ్ళి, విస్కాన్సిన్ రాష్ట్రంలో అడవిని నరికి వ్యవసాయము ప్రారంభించింది. తండ్రి మత విషయాలలో మిక్కిలి కఠినుడు. ఆయన ఒత్తిడి వలన బాలుడు బైబిలు కొత్త నిబంధన మొత్తము, పాత నిబంధనలో అధిక భాగము కంఠస్థము చేశాడు.

పొలము పని చాలా భారముగా ఉండేది. హికరీ హిల్ అనే రెండవ పొలములో ఇసుకరాతిని ఉలితో తొలుస్తూ సుమారు 90 అడుగుల లోతు బావిని మ్యూర్ ఒక్కడే త్రవ్వవలసి వచ్చింది. సుమారు 80 అడుగుల లోతున ఒక ఉదయము అడుగున చేరిన విషవాయువు వలన స్పృహ తప్పి, త్రుటిలో ప్రాణాపాయము నుండి బయటపడ్డాడు. పగలు చదువుకొను తీరిక లేనందున తెల్లవారుజామున లేచి పుస్తకాలు చదివేవాడు. ఆ వేళలోనే కొయ్యతో గడియారాలను, నిర్ణీత సమయానికి నిద్రిస్తున్న మనిషిని మంచము వంచి లేపే యంత్రాన్ని తయారుచేశాడు. 1860లో వీటిని మాడిసన్ నగరంలో జరిగిన ప్రదర్శనలో ఉంచగా అందరి దృష్టిని ఆకర్షించాయి.

విద్య, వృక్షశాస్త్రము

తరువాత మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరి రసాయన శాస్త్రము, భూగర్భ శాస్త్రము చదివాడు. ఆచార్యుడు ఎజ్రా కార్, ఆయన భార్య జీన్ కార్ ఈయనను ఆదరించారు. జీన్ కార్ వృక్షశాస్త్రములో ఆసక్తి గల విదుషి. ఆమెకు మ్యూర్ అనేక సంవత్సరములు వ్రాసిన లేఖలు నేడు ఆయన జీవితానికి ముఖ్యమైన ఆధారములు.

ఈయనకు వృక్షశాస్త్రపు తొలిపాఠము విశ్వవిద్యాలయ ఆవరణలోని ఒక చెట్టు క్రింద జరిగింది. సహాధ్యాయి ఒకడు లోకస్ట్ చెట్టు పూవును చూపి, ఆ పెద్ద వృక్షము తోటలోని బఠానీ తీగ కుటుంబానికే చెందినదని, పూరేకుల అమరిక, కాయ, ఆకు అందుకు సాక్ష్యములని వివరించాడు. చూపునకు ఏ పోలికా లేని మొక్కల మధ్య ఇటువంటి బంధుత్వము ఉన్నదని తెలుసుకొన్న మ్యూర్ ఆనాటి నుండి మొక్కల సేకరణలో మునిగిపోయాడు. (మన చింత, తుమ్మ, చిక్కుడు ఒకే కుటుంబానికి చెందుట ఇటువంటిదే.) 1863లో పట్టా పుచ్చుకొనకుండానే విశ్వవిద్యాలయము విడిచి, మరుసటి సంవత్సరము కెనడాకు వెళ్ళి, అక్కడి చిత్తడి అడవులలో మొక్కలను అన్వేషించాడు.

కంటి ప్రమాదము

1866లో ఇండియానాపొలిస్ నగరంలోని బండిచక్రాల కర్మాగారంలో పనికి చేరాడు. యంత్రాల పనిలో ఆయన నైపుణ్యము చూచి యజమానులు పదోన్నతులిచ్చారు. 1867 మార్చిలో ఒక యంత్రపు పట్టీని సరిచేయుచుండగా చేతిలోని ఆకురాయి జారి, దాని మొన కుడికంటిలో గ్రుచ్చుకొన్నది. కొద్ది గంటలలోనే ఆ కంటి చూపు పోయింది. దానితోపాటు ఎడమకన్ను కూడా చూపు కోల్పోయింది. కొన్ని వారాలపాటు చీకటిగదిలో, మరల ఎన్నడైనా పూవును చూడగలనా అన్న సందేహంతో గడిపాడు. క్రమంగా రెండు కన్నులకూ చూపు వచ్చింది. తిరిగి లభించిన చూపును యంత్రాల మధ్య గాక ప్రకృతిని దర్శించుటకే వినియోగించాలని ఆయన నిశ్చయించుకొన్నాడు.

1867 సెప్టెంబరులో కెంటకీ రాష్ట్రములోని లూయీవిల్ నుండి బయలుదేరి ఫ్లోరిడా తీరములోని సెడార్ కీ వరకు సుమారు 1,000 మైళ్ళు (1,600 కి.మీ.) నడిచాడు. మొక్కలను అదిమి ఆరబెట్టే చట్రము, కొద్దిపాటి పుస్తకాలు, ఒక నోటుపుస్తకము మాత్రమే ఆయన సామాను. సెడార్ కీలో మలేరియా సోకి చాలాకాలము మంచము పట్టాడు. అక్కడినుండి దక్షిణ అమెరికాకు వెళ్ళి అమెజాన్ నదిని చూడాలని ఆయన సంకల్పము. క్యూబా వరకు వెళ్ళినా, ఓడ దొరకనందున, ఆరోగ్యము సహకరించనందున ఆ సంకల్పాన్ని వాయిదా వేసి, పనామా మీదుగా కాలిఫోర్నియాకు ప్రయాణమయ్యాడు.

1868 వసంతయాత్ర

1868 మార్చి చివరలో మ్యూర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ దిగాడు. ఆ రోజులలో యోసెమిటీ లోయకు వెళ్ళేవారు నదిలో పొగపడవపై స్టాక్టన్ చేరి, అక్కడినుండి గుర్రపుబండిలో ప్రయాణించేవారు. మ్యూర్ ఆ మార్గాన్ని ఎంచుకొనలేదు. ఓడలో పరిచయమైన ఒక ఆంగ్లేయునితో కలసి ఓక్లాండు నుండి దక్షిణముగా శాంటా క్లారా లోయ గుండా, శాన్ హోజే, గిల్రాయ్ ఊళ్ళ మీదుగా నడిచాడు. నాడు పొలాలతో, పూలతో నిండిన ఆ లోయయే నేటి సిలికాన్ లోయ. ఇప్పుడు వేలాది తెలుగు కుటుంబాలు నివసించుచున్నది మ్యూర్ నడచిన ఈ దారి వెంబడే.

గిల్రాయ్ నుండి తూర్పునకు తిరిగి, తీరప్రాంతపు కొండలలో సుమారు 1,370 అడుగుల ఎత్తున గల పచేకో కనుమను ఎక్కారు. కనుమ పైభాగమునుండి చూడగా కాలిఫోర్నియా మధ్యలోయ సమస్తము బంగారురంగు పూలతో కప్పబడి, దాని ఆవలి అంచున మంచుతో మెరిసే సియెర్రా నెవాడా పర్వతశ్రేణి కనిపించింది. ఆ దృశ్యము ఆయన మనసులో ఎంతగా నాటుకొన్నదంటే, నలుబది నాలుగు సంవత్సరాల తరువాత ప్రచురించిన ది యోసెమిటీ అనే గ్రంథమును సైతము దాని వర్ణనతోనే ఆరంభించాడు.

కనుమ దిగి, శాన్ వాకీన్ నదిని హిల్స్ ఫెర్రీ అను రేవు వద్ద దాటి, మెర్సెడ్ నది వెంబడి స్నెల్లింగ్ మీదుగా సియెర్రా పాదప్రాంతమునకు, అక్కడినుండి కూల్టర్‌విల్ మార్గమున యోసెమిటీ లోయకు చేరారు. మైదానములో రాత్రులు పూలమీదనే పడుకొన్నారు. అడుగు తీసి అడుగు వేస్తే నూరు పూలైనా నలిగేవని మ్యూర్ అంచనా.

ఇది కేవలము భావుకత కాదు. హిల్స్ ఫెర్రీకి ఎదురుగా, తీరప్రాంతపు కొండలకు కొద్ది మైళ్ళ దూరములో, ఏ ప్రత్యేకతా చూడక ఎంచుకొన్న ఒక చదరపు గజము నేలలోని మొక్కలను ఆయన కుటుంబాలవారీగా లెక్కించి, ఆ పట్టికను జీన్ కార్‌కు లేఖలో పంపాడు. విచ్చిన పూల మొత్తము 1,65,912 అని తేలింది. ఈ సంఖ్య చూచి ఆశ్చర్యపడవచ్చును. పొద్దుతిరుగుడు కుటుంబపు మొక్కలలో మనము ఒక పూవుగా భావించేది నిజానికి అనేక చిన్న పూల గుత్తి. మ్యూర్ ఆ చిన్న పూలను విడివిడిగా లెక్కలోనికి తీసుకొన్నాడు. గడ్డిపూలను కూడా వదలలేదు.

గొర్రెల కాపరి, ఇరువది కొండల పల్లము

జీవనము కోసము మ్యూర్ స్నెల్లింగ్ సమీపములో పంటకోతలు, గుర్రాలను మచ్చిక చేయుట, గొర్రెల ఉన్ని కత్తిరించుట వంటి పనులు చేశాడు. 1868-69 శీతాకాలములో ఒక ఆసామి వద్ద గొర్రెల కాపరిగా కుదిరాడు. మెర్సెడ్, తువాలమీ నదుల మధ్య, చిన్న గుట్టలచే చుట్టబడిన ఒక పల్లములో ఆ గొర్రెలను మేపేవాడు. చుట్టూ ఇరువది గుట్టలున్నందున ఆ స్థలము ట్వెంటీ హిల్ హాలో అని పిలువబడింది.

ఇక్కడ ఆయన ఒక పూర్తి వసంతాన్ని మొదటినుండి చివరివరకు గమనించాడు. కాలిఫోర్నియాలో మన దేశమువలె వేసవి తరువాత వర్షఋతువు రాదు. అక్కడ వానలు శీతాకాలములో కురుస్తాయి. వేసవి పూర్తిగా పొడిగా ఉంటుంది. అందుచేత అక్కడి చిన్నమొక్కలలో ఎక్కువ భాగము ఏకవార్షికములు. డిసెంబరు వానలకు విత్తులు మొలకెత్తి, సంక్రాంతి నాటికే తొలిపూలు కనిపించి, వారము వారమునకు రంగులు పెరిగి, ఏప్రిల్ నాటికి గుట్టలు, పల్లములు పసుపు పరచినట్లవుతాయి. మే చివరకు అంతా ఎండి, గాలికి పొడిగా రాలిపోతుంది. విత్తనాలు మాత్రము తదుపరి వానల కొరకు నేలలో వేచి ఉంటాయి. ఈ పరిశీలనలతో మ్యూర్ వ్రాసిన వ్యాసము 1872లో ఓవర్లాండ్ మంత్లీ పత్రికలో వెలువడింది.

వసంతము కొండ ఎక్కుతుందన్న విషయము కూడా ఇక్కడే ఆయనకు అనుభవమునకు వచ్చింది. మైదానములో పూలు మార్చి, ఏప్రిల్ నెలలలో విరియగా, పాదప్రాంతపు లోయలలో ఏప్రిల్, మే నెలలలోను, ఎత్తైన పచ్చికబయళ్ళలో మంచు కరిగిన తరువాత జులైలోను విరుస్తాయి. 1869 జూన్ 3న సుమారు 2,000 గొర్రెల మందతో బయలుదేరి, ఎండిన పాదప్రాంతము నుండి తువాలమీ పచ్చికబయళ్ళ వరకు మ్యూర్ వసంతము వెంట నడిచాడు. ఆ దినచర్యయే 1911లో మై ఫస్ట్ సమ్మర్ ఇన్ ది సియెర్రా అను పేరుతో గ్రంథమైంది.

ఈ యాత్రలోనే గొర్రెల మందలు పచ్చికబయళ్ళను ఎట్లు నాశనము చేస్తాయో ప్రత్యక్షముగా చూచాడు. మంద నడచిన చోట ఒక్క పూవు కూడా మిగిలేది కాదు. తాను స్వయముగా కాపరిగా పనిచేసినవాడగుటచే, తరువాతి కాలములో గొర్రెల మేపుటకు వ్యతిరేకముగా ఆయన చేసిన వాదములకు బలము చేకూరింది.

హిమానీనద సిద్ధాంతము

1869 చివర నుండి మ్యూర్ యోసెమిటీ లోయలో నివసించాడు. ఒక రంపపుమిల్లులో పనిచేస్తూ, తీరిక వేళల కొండలను పరిశీలించేవాడు. నేల కుంగుట వలన ఆ లోయ ఏర్పడినదని నాటి కాలిఫోర్నియా రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త జొసయ్యా విట్నీ అభిప్రాయము. నునుపుదేరిన రాళ్ళు, వాటిపై గీతలు, కుప్పలుగా పడిన బండలు చూచి, హిమానీనదములే లోయను తొలిచినవని మ్యూర్ ప్రతిపాదించాడు. 1871లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో ఈ వ్యాసము వెలువడింది. అదే సంవత్సరము సియెర్రాలో సజీవమైన హిమానీనదాన్ని కనుగొన్నాడు. హిమము పాత్రను ఆయన కొంత అధికముగా అంచనా వేసినా, మౌలికముగా ఆయన చెప్పినది సరియైనదని తరువాతి పరిశోధకులు నిర్ధారించారు.

వృక్షశాస్త్రజ్ఞులతో కూడ ఈయనకు సన్నిహిత సంబంధములుండేవి. అమెరికా వృక్షశాస్త్ర ప్రముఖుడు ఆసా గ్రే 1872లో యోసెమిటీకి వచ్చి మ్యూర్‌తో కలసి మొక్కలు సేకరించాడు. 1877లో ఆసా గ్రే, జోసెఫ్ హుకర్ ఇరువురితో మ్యూర్ శాస్తా పర్వత ప్రాంతములో విడిది చేశాడు. ఈ హుకర్ భారతదేశపు మొక్కలను గురించిన ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా గ్రంథకర్తయే. ఐవీసియా మ్యూరీ, ఎరిజిరాన్ మ్యూరీ మొదలగు మొక్కలకు ఈయన పేరు పెట్టబడినది.

వివాహము, పండ్లతోట

1880 ఏప్రిల్ 14న లూయీ స్ట్రెంట్‌జల్‌ను వివాహమాడి, మార్టినెజ్ పట్టణము వద్ద మామగారి పండ్లతోట నిర్వహణ చేపట్టాడు. వీరికి వాండా, హెలెన్ అను ఇద్దరు కుమార్తెలు. తోట వలన ధనము సమకూరింది కాని, కొండలకు దూరమై ఆరోగ్యము క్షీణించింది. ఇది గమనించిన భార్య ఆయనను తిరిగి పర్వతాలకు వెళ్ళవలసినదిగా ప్రోత్సహించి, తోటలో కొంత భాగాన్ని అమ్మించింది. 1879 నుండి అలాస్కాకు పలుమార్లు వెళ్ళివచ్చాడు.

పూలమైదానాల వినాశము

1868లో తాను చూచిన పూలమైదానము తన కన్నుల ముందే అంతరించుట మ్యూర్ జీవితములోని పెద్ద విషాదము. సుమారు 450 మైళ్ళ పొడవైన మధ్యలోయలో గోధుమ సాగు విస్తరించింది. నాగలి తగలని చోట గొర్రెలు మేశాయి. ఐరోపా నుండి వచ్చిన అడవి ఓట్స్ వంటి గడ్డిజాతులు స్థానిక మొక్కలను క్రమ్మివేశాయి. 1894లో వెలువడిన ఆయన తొలి గ్రంథము ది మౌంటెన్స్ ఆఫ్ కాలిఫోర్నియాలోని చివరి అధ్యాయము తేనెటీగల మేతభూములను గురించినది. ఒకప్పుడు లోయ ఈ చివరినుండి ఆ చివరివరకు ఒకే తేనెతోటగా ఉండేదని, ఇరువది అయిదేళ్ళు గడచేసరికి అది జ్ఞాపకముగా మాత్రమే మిగులుచున్నదని ఆయన అందులో వివరించాడు.

మైదానాన్ని రక్షించు ఉద్యమమేదీ ఆ రోజులలో లేదు. సారవంతమైన భూమి కాబట్టి ఎవరూ అభ్యంతరము చెప్పలేదు. కనీసము ఎత్తైన పర్వతప్రాంతమునైనా కాపాడుకొనవలెనన్న పట్టుదల మ్యూర్‌లో కలుగుటకు ఈ అనుభవము దోహదము చేసిందని భావించవచ్చును.

పరిరక్షణోద్యమము

1889లో సెంచురీ పత్రిక సంపాదకుడు రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్‌తో కలసి తువాలమీ పచ్చికబయళ్ళకు వెళ్ళినపుడు, అవి గొర్రెల వలన పాడైన తీరు ఇరువురూ చూచారు. జాన్సన్ కోరికపై మ్యూర్ వ్రాసిన రెండు వ్యాసాలు 1890లో ప్రచురింపబడి ప్రజలలో కదలిక తెచ్చాయి. 1890 అక్టోబరు 1న యోసెమిటీ జాతీయ ఉద్యానవనము ఏర్పడినది. మరుసటి సంవత్సరము నుండి అశ్వికదళము కాపలా కాచి గొర్రెల మందలను వెళ్ళగొట్టింది.

1892 మే 28న శాన్‌ఫ్రాన్సిస్కోలో సియెర్రా క్లబ్ స్థాపింపబడినది. 1901 నుండి ఈ క్లబ్ ఏటా సభ్యులను పర్వతాలలోనికి సామూహిక పాదయాత్రలకు తీసుకొని వెళ్ళసాగింది. ప్రకృతిని స్వయముగా నడచి చూచినవారే దానిని కాపాడుటకు ముందుకు వస్తారన్నది వీరి నమ్మకము. 1903 మేలో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ మ్యూర్‌తో యోసెమిటీలో మూడు రాత్రులు ఆరుబయట గడిపాడు. అప్పటివరకు రాష్ట్ర ప్రభుత్వ అధీనములోనున్న యోసెమిటీ లోయ 1906లో జాతీయ ఉద్యానవనములో విలీనమైంది. 1903-04లో ప్రపంచయాత్ర చేసిన మ్యూర్ భారతదేశమునకు కూడా వచ్చి, హిమాలయములలోని దేవదారు వృక్షములను దర్శించాడు. 1905లో భార్య మరణించింది.

హెచ్ హెచీ వివాదము

యోసెమిటీ ఉద్యానవనములోనే హెచ్ హెచీ అను మరొక సుందరమైన లోయ ఉండేది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు మంచినీటి కొరకు అక్కడ ఆనకట్ట కట్టాలని నగరపాలకులు కోరారు. 1906 నాటి భూకంపము, దానిని అనుసరించిన అగ్నిప్రమాదము తరువాత ఈ కోరికకు బలము పెరిగింది. జాతీయ ఉద్యానవనములో ఆనకట్ట కట్టుట ప్రజలకిచ్చిన మాట తప్పుటయేనని మ్యూర్ వాదించాడు. లక్షలాది ప్రజల తాగునీరు ముఖ్యమని ఎదుటి పక్షము వాదించింది. 1913 డిసెంబరులో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ఆనకట్టను అనుమతించు చట్టముపై సంతకము చేశాడు. 1923లో ఆనకట్ట పూర్తయినది. ఈ ఓటమి మ్యూర్‌ను మిక్కిలి క్రుంగదీసింది. అయితే ఈ వివాదము వలన దేశవ్యాప్తముగా కలిగిన చైతన్యము 1916లో జాతీయ ఉద్యానవనముల సంస్థ ఏర్పడుటకు తోడ్పడింది.

చివరి రోజులు

నలుబది నాలుగేళ్ళు వాయిదా పడిన అమెజాన్ యాత్రను 1911లో, తన 73వ ఏట పూర్తిచేశాడు. అక్కడినుండి ఆఫ్రికాకు కూడా వెళ్ళివచ్చాడు. 1914 డిసెంబరులో కుమార్తెను చూచుటకు వెళ్ళినపుడు న్యుమోనియా సోకింది. డిసెంబరు 24న లాస్ ఏంజెలెస్‌లోని ఆసుపత్రిలో మరణించాడు. అలాస్కా యాత్రలను గురించిన గ్రంథపు వ్రాతప్రతి అప్పటికి ఆయన ప్రక్కనే ఉన్నది.

విమర్శలు

మ్యూర్ రచనలలో, ముఖ్యముగా తొలినాటి వాటిలో, అమెరికా ఆదివాసులను, నల్లజాతివారిని గురించి చులకన భావముతో కూడిన మాటలున్నవి. నిర్జనమైన ప్రకృతిగా ఆయన వర్ణించిన యోసెమిటీ లోయ అహ్వానీచీ ఆదివాసుల నివాసము. 1851లో సాయుధ దళము వారిని అక్కడినుండి వెళ్ళగొట్టింది. లోయలోని పచ్చికబయళ్ళు చాలావరకు వారు క్రమపద్ధతిలో నిప్పుపెట్టి కాపాడుకొన్నవేనని నేటి పరిశోధకులు గుర్తించారు. 2020లో సియెర్రా క్లబ్ తన స్థాపకుని ఈ అభిప్రాయములను బహిరంగముగా తప్పుపట్టింది. తరువాతి కాలములో, అలాస్కాలోని ఆదివాసులతో కలసి ప్రయాణించిన పిదప, ఆయన దృష్టి కొంత మారినట్లు ఆయన రచనల వలన తెలియుచున్నది.

నేటి స్థితి

మ్యూర్ 1868లో నడచిన మార్గము నేడు చాలావరకు మారిపోయినది. పచేకో కనుమ మీదుగా రహదారి వేయబడినది. కనుమకు తూర్పున 1967లో శాన్ లూయీస్ జలాశయము నిర్మింపబడినది. మైదానములో బాదము తోటలు, కూరగాయల పొలాలు ఉన్నాయి. అయినను నాగలికి లొంగని పాదప్రాంతపు వాలులలో ప్రతి వసంతములోను పూలు విరుస్తూనే ఉన్నాయి. మెర్సెడ్ నది లోయలో, గసగసాల కుటుంబానికి చెందిన నారింజరంగు కాలిఫోర్నియా పాపీ, చిక్కుడు కుటుంబపు ఊదారంగు లూపిన్, నేలకు అంటిపెట్టుకొని పూచే పసుపుపచ్చని గోల్డ్‌ఫీల్డ్స్ మార్చి, ఏప్రిల్ నెలలలో పాదచారులను ఆకర్షిస్తాయి. వానలు బాగా కురిసిన సంవత్సరములలో, మధ్యలోయకు నైరుతి దిశలోనున్న కరీజో మైదానము, మ్యూర్ కాలపు పూలమైదానము ఎట్లుండెడిదో ఊహించుకొనుటకు ఆధారముగా మిగిలియున్నది.

జ్ఞాపక చిహ్నములు

సియెర్రాలోని 211 మైళ్ళ (340 కి.మీ.) జాన్ మ్యూర్ కాలిబాట, 1908లో ఏర్పడిన మ్యూర్ వుడ్స్ అరణ్యము ఈయన పేర వెలసినవి. మార్టినెజ్‌లోని ఆయన గృహము 1964 నుండి జాతీయ చారిత్రక స్థలము. 2005లో విడుదలైన కాలిఫోర్నియా రాష్ట్రపు పావు డాలరు నాణెముపై ఆయన బొమ్మ ముద్రింపబడినది.

ముఖ్య రచనలు

ది మౌంటెన్స్ ఆఫ్ కాలిఫోర్నియా (1894)
అవర్ నేషనల్ పార్క్స్ (1901)
స్టికీన్ (1909)
మై ఫస్ట్ సమ్మర్ ఇన్ ది సియెర్రా (1911)
ది యోసెమిటీ (1912)
ది స్టోరీ ఆఫ్ మై బాయ్‌హుడ్ అండ్ యూత్ (1913)
ట్రావెల్స్ ఇన్ అలాస్కా (1915, మరణానంతరము)
ఎ థౌజండ్ మైల్ వాక్ టు ది గల్ఫ్ (1916, మరణానంతరము)